పియానో నేర్చుటకు తగిన వయస్సు

గత జూను మాసమున పాఠశాల తెరచిన మొదటి వారముననే ముగ్గురు వేర్వేరు దినములందు వచ్చి మమ్ము నొకే ప్రశ్న యడిగిరి. "అయ్యవారూ, పియానో నేర్చుట కెన్నవ యేట మొదలుపెట్టవలెను?" అనునదియే యా ప్రశ్న.

ప్రశ్న యొకటే యైనను అడిగినవారి భయములు వేరు. మొదటి యాయన శ్రీహరికోటలో ఉద్యోగి, సూళ్లూరుపేటలో కాపురము, కుమారునికి నాలుగేండ్లు. చెన్నపట్టణపు బాలుడు లిడియన్ నాదస్వరము 2019 లో అమెరికా టెలివిజను పోటీయందు పియానో వాయించి, 13 ఏండ్ల ప్రాయమున పది లక్షల డాలర్ల బహుమానము గెలిచిన దృశ్యమును తన చేతి ఫోనులో మాకు చూపి, "మా వానికి నాలుగు నిండినవి, ఇంకను మొదలుపెట్టలేదు" అని యొక తప్పు చేసినవానివలె చెప్పెను. రెండవవారు నాయుడుపేట వర్తకులు, కుమార్తెకు తొమ్మిదేండ్లు, ఇప్పటికే యాలస్యమైనదేమో యని వారి బెంగ. మూడవ యామె పులికాటు సరస్సు తీరపు పల్లెనుండి వచ్చిన తల్లి. భర్త చేపలవేటకు పోవును. కుమారుడు మా వసతిగృహమున నుండి తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. "ఎప్పుడు చూచినను ఆ పెట్టె దగ్గరనే నిలబడుచున్నాడట అయ్యవారూ. పెద్దవాడయ్యెను గదా, ఇంక వానికి వచ్చునా? రాదని మీరొక మాట చెప్పితిరా, వాడే మరచిపోవును" అని యామె యనెను.

మేము మొదటివారితో రెండేండ్లాగుడని చెప్పితిమి. రెండవవారితో రేపే పంపుడంటిమి. మూడవ యామెతో ఈ సాయంకాలమే మొదలుపెట్టెదమని చెప్పితిమి. ఒక ప్రశ్నకు మూడు విధముల నుత్తరమిచ్చుట యుపాధ్యాయునికి తగునా యని తరువాత తలిదండ్రుల సమావేశమున నొకరు మమ్ము పరిహాసముగా నడిగిరి. పరిహాసముతో పోయినచో ఈ వ్యాసము వ్రాయవలసిన పని యుండెడిది కాదు. మన పాఠశాలకు ఉన్న పియానో ఒకటి, నేర్పువారము మేమొక్కరమే, వారమునకు దొరకు పాఠపు వేళలు కొద్ది. కావున పదేండ్లు దాటని పిల్లలకు మాత్రమే ఈ వేళల నియ్యవలెననియు, పెద్ద తరగతులవారిమీద కాలము వ్యర్థపుచ్చరాదనియు ఆ సమావేశముననే యొక సూచన వచ్చినది. "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఆ సూచనకు బలముగా సామెతను గూడ చెప్పిరి. మేము దీని కంగీకరింపజాలము. సామెత నడవడిని గూర్చి పుట్టినది గాని వ్రేళ్లను గూర్చి పుట్టినది కాదు.

మొదట ఈ వాద్యమెట్టిదో కొంచెము చెప్పవలెను; ఏలయన వయస్సు ప్రశ్న సగము దానిలోనే యున్నది. ఇటలీ దేశపు ఫ్లోరెన్సు నగరమున బార్తొలొమెయో క్రిస్టొఫొరి యను పనివాడు ఇంచుమించు 1700 సంవత్సరమున దీనిని నిర్మించెను. మెట్టును నొక్కగానే లోపల నున్న చిన్న సుత్తి తీగను కొట్టి వెనుకకు వచ్చును. మెల్లగా నొక్కిన మెల్లగా, గట్టిగా నొక్కిన గట్టిగా పలుకును. నేటి పియానోకు 88 మెట్లు. అందు తెల్లనివి 52, నల్లనివి 36. తీగలు రెండు వందలకు మించి యుండును. వాని బిగువు నంతయు కూడిన 15 మొదలు 20 టన్నులవరకు నగును. అంత బిగువును మోయుటకు లోపల ఇనుప చట్రముండును. మన సభామందిరమున నున్న నిలువు పియానో పూర్వము మిషను బంగళాలో నుండి మనకు వచ్చినది. సముద్రపు గాలికి దాని తీగలు త్రుప్పుపట్టుచుండును. కార్తిక మాసపు వానలలో కొయ్యయు ఉన్నిగుడ్డయు ఉబ్బి, నొక్కిన మెట్లు కొన్ని పైకి లేవవు. శ్రుతి చేయువారిని ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరమునుండి, చెన్నపట్టణమునుండి పిలిపింపవలెను. ఈ కష్టములన్నియు పడియు దానిని నిలుపుకొనుచున్నామనగా, అది యెవరికొరకు నిలుపుకొనుచున్నామో స్పష్టముగా తెలిసికొనుట మంచిది.

ఇక పిల్లవాని చేయి. ప్రక్కప్రక్కన నున్న అయిదు తెల్లమెట్ల వెడల్పు ఇంచుమించు 12 సెంటీమీటర్లు. అయిదేండ్ల బిడ్డ యైనను అయిదు వ్రేళ్లను ఈ అయిదు మెట్లపై నుంచగలదు. ఒక సప్తకమును, అనగా షడ్జమునుండి పై షడ్జమువరకు, ఒక్కచేతితో అందుకొనుటకు 16 సెంటీమీటర్లకు పైగా చాపవలెను. అది పెద్దవారికే యందరికి సులభము కాదు. కావున చేతి పొడవు మొదటి పాఠములకు అడ్డు కాదు. అడ్డు మరియొకటి. మెట్టును దించుటకు ఇంచుమించు 50 గ్రాముల బరువు కావలెను. నాలుగేండ్లవాడు దానిని వ్రేలితో దించలేడు, మోచేతితో దించును. ఉంగరపు వ్రేలు ఒంటిగా లేవదు. దానితోగూడ చిటికెనవ్రేలును లేచును. కాళ్లు నేలకు తగులవు గనుక నడుము నిలువదు. ఇట్టి స్థితిలో బలవంతముగా వాయింపజేసిన, మణికట్టును బిగబట్టు అలవాటు పట్టుకొనును. అలవాటును నేర్పుటకు పదునైదు దినములు చాలును. మాన్పించుటకు రెండేండ్లు చాలవు. ఇది పుస్తకములో చదివి చెప్పుచున్న మాట కాదు. ఇతరచోట్ల నాలుగవ యేట మొదలుపెట్టి పదవ యేట మాయొద్దకు వచ్చిన పిల్లల మణికట్లను పట్టి చూచి చెప్పుచున్నాము.

ఇంతేకాక, మన దేశమున పియానో ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న యున్నది. మన పిల్లలలో ఎక్కువమంది మొదట కూర్చుండునది పియానో ముందు కాదు, హార్మోనియము ముందు. పారిసు నగరమున అలెగ్జాండ్రు దెబేను 1842 లో హార్మోనియమునకు హక్కుపత్రము పొందెను. కాళ్లతో త్రొక్కవలసిన ఆ పెట్టెను, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి నూదుచు వాయించునట్లు మార్చినవాడు కలకత్తా పనివాడు ద్వారకానాథ ఘోషు. అది మన దేవాలయములలోను, భజన మందిరములలోను, నాటకశాలలలోను సమానముగా ప్రవేశించినది. 1940 లో ఆకాశవాణి దానిని బహిష్కరించి, మూడు దశాబ్దములపాటు దూరముంచినను, పల్లెలు దానిని విడువలేదు. మేమును దానిని నిందింపము. కాని దానిలో ఎడమచేయి తిత్తికి కట్టుబడి యుండును. ఆరేడేండ్లు హార్మోనియము వాయించి పియానోకు వచ్చిన పిల్లవానిని చూడుడు: కుడిచేయి పట్టపరీక్ష నిచ్చియుండును, ఎడమచేయి ఓనమాలు దిద్దియుండదు! మరియు హార్మోనియమున మెట్టు నెంత మెల్లగా నొక్కినను, ఎంత గట్టిగా నొక్కినను ధ్వని యొకటే. హెచ్చుతగ్గులు తిత్తివలన వచ్చును. పియానోలో అన్నియు వ్రేలి కొననే యున్నవి. కావున హార్మోనియముతో ప్రారంభించినవారు రెండు మూడేండ్లకు మించి తాళక ఎడమచేతికి గూడ అక్షరాభ్యాసము చేయింపవలెనని మా యభిప్రాయము.

పియానోయే సంగీతమునకు పరమావధి యని మేము చెప్పుచున్నట్లు ఎవరును తలపకుందురు గాక. బాలుస్వామి దీక్షితులు మద్రాసు సమీపమున మణలిలో నొక యూరోపియను వలన ఫిడేలు నేర్చికొనినది మొదలు ఆ వాద్యము మనదైపోయినది. ఏలయన దానిపై గమకము పలుకును. పియానోపై గమకము పలుకదు. రాగతాళములతో రచింపబడిన మన క్రైస్తవ కీర్తనలను పియానోపై వాయించునపుడు కొంత రుచి తగ్గునని మేమే యొప్పుకొనుచున్నాము. అయినను రెండు చేతులు రెండు వేర్వేరు పనులు చేయుచు ఒక్క పాటను పలికించుటలో పిల్లవాని మనస్సు పొందు క్రమశిక్షణ యేదో కలదు. దానికొరకే ఈ ప్రయాస.

ఏడేండ్లను గూర్చిన మాట మన తలిదండ్రుల చెవినపడి చాలకాలమైనది. "ఏడేండ్లలోపల మొదలుపెట్టనిచో మెదడు తలుపు మూసికొనునట కదా" యని యడుగువారు పెక్కండ్రు. ఇది యెచ్చటినుండి వచ్చినదో చెప్పెదము. 1995 లో గాట్‌ఫ్రీడ్ ష్లాగ్ మొదలగు శాస్త్రజ్ఞులు సంగీతవృత్తిలో నున్న పెద్దల మెదళ్లను పరీక్షించి, ఏడేండ్లు నిండకముందే వాద్యాభ్యాసము మొదలుపెట్టినవారిలో మెదడు రెండు భాగములను కలుపు వంతెనయొక్క ముందుభాగము పెద్దదిగా నున్నదని ప్రకటించిరి. రెండు చేతులను జతపరచుటలో ఆ వంతెనకు పని గలదు. ఇది గౌరవింపదగిన పరిశోధనయే. కాని అది చెప్పినదెంత? ముందుగా ప్రారంభించినవారికి ఒక మేలున్నట్లు చెప్పినది. తరువాత వచ్చినవారికి తలుపు మూయబడినదని చెప్పలేదు. అయిదవ యేట పాఠము మొదలుపెట్టిన బిడ్డ ఇంట సాధారణముగా వాద్యమును, సంగీతము తెలిసిన తల్లియో తండ్రియో ఉందురు. ఆ మేలులో వయస్సు పాలెంత, ఇంటి పాలెంత యని వేరుచేయుట సులభము కాదు.

మరియొక సంగతి. ఏ యాధారము లేకయే, విన్న స్వరము ఫలానా మెట్టు అని చెప్పగల శక్తి చిన్నతనమున మొదలుపెట్టినవారికే ఎక్కువగా వచ్చునందురు, అదియు నిజమే. కాని మన సంగీతమునకు అది యవసరమా? మన గాయకుడు తన కంఠమునకు తగినచోట షడ్జమును నిలుపుకొనును. ఒకరిది ఒకటి శ్రుతి, ఒకరిది నాలుగున్నర. స్వరమునకు స్వరమునకు నడుమ దూరమును వినగల చెవి యున్న చాలును. ఆ చెవి పాడుటవలన వచ్చును. దానికి వాద్యము కొననక్కరలేదు.

బాలమేధావుల కథలు తలిదండ్రులను తొందరపెట్టుచున్నవి గాన మొజార్టును గూర్చి గూడ ఒక మాట. 1756 లో పుట్టిన ఆ బాలుడు మూడవ యేట మెట్లతో నాడుకొనెననియు, అయిదవ యేటనే చిన్న రచనలు చేసెననియు అందరును ఎరుగుదురు. అందరును మరచునది వాని తండ్రిని. లియొపోల్డు మొజార్టు స్వయముగా ఆస్థాన విద్వాంసుడు. కుమారుడు పుట్టిన ఆ సంవత్సరముననే ఫిడేలు నేర్పు విధానమును గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించిన గురువు. అట్టి గురువు పగలు రాత్రి ఇంటనే యుండెను. అంతకుమించి, అక్క మరియా అన్న ఏడెనిమిదేండ్ల ప్రాయమున పాఠము నేర్చుచుండగా ప్రక్కన కూర్చుండి వినుటయే తమ్ముని మొదటి పాఠము. అనగా ఆ లోకోత్తర బాలుని విషయమున గూడ మొదట పనిచేసినది చెవియే.

ఆ యక్క కథను మన పాఠశాల బాలికల తల్లిదండ్రులు వినవలెనని మా కోరిక. తమ్మునితో సమానముగా యూరపు రాజసభలలో వాయించి మెప్పుపొందిన యామెను, పదునెనిమిదేండ్లు నిండునప్పటికి ప్రయాణములు మాన్పించి ఇంట నుంచిరి. తమ్ముడు తండ్రితో ఇటలీకి పోయెను. ఆమె సాల్జుబర్గులో నిలిచిపోయెను. ఎప్పుడు మొదలుపెట్టవలెనని మమ్మడుగువారు వందమంది కలరు గాని, ఎప్పుడు మాన్పింపకుండవలెనని యడిగినవా రొక్కరును లేరు. తొమ్మిదవ తరగతికి రాగానే మన బాలికలలో సగమునకు మించి పియానో మానుచున్నారు. పరీక్షలట, చీకటి పడకముందు ఇంటికి పోవలెనట, పెండ్లిచూపులలో పియానో అడుగరట! ఏడవ యేటనో ఎనిమిదవ యేటనో మొదలుపెట్టి పదమూడవ యేట మానినదానికన్న, పదమూడవ యేట మొదలుపెట్టి మానకుండుటయే మేలని మాకు తోచుచున్నది.

ఆలస్యముగా వచ్చినవారిలో పెద్దవారు లేరా యందురేమో. పోలండు దేశీయుడు పదెరెవ్‌స్కీ 1860 లో పుట్టి, బాల్యమున ఏదో కొంత వాయించినను సరియైన శిక్షణ లేక, 1884 లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున వియన్నా నగరమున లెషెటిస్కీ యను గురువును ఆశ్రయించి వ్రేళ్ల పాఠములు మరల మొదటినుండి దిద్దుకొనెను. తరువాత లోకమంతటను వాయించెను. 1919 లో తన దేశమునకు ప్రధానమంత్రియు నయ్యెను. దూరదేశపు మాట యేల, మన ఘంటసాల వేంకటేశ్వరరావు గారిని చూడుడు. 1922 లో జన్మించిన ఆయన తండ్రి సూరయ్య గారు మృదంగము వాయించుచు తరంగములు పాడువారు; పిల్లవాడు తండ్రి భుజముమీదనే పాట విని పెరిగెను. తండ్రి పోయిన పిమ్మట, చేతి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరి, వారాలు చేసికొనుచు, పట్రాయని సీతారామశాస్త్రి గారియొద్ద క్రమమైన విద్య నేర్చెను. అప్పటికి పసిప్రాయము దాటినది. కాని చెవికి విద్య అంతకుముందే వచ్చియుండెను గనుక చేతికి, గొంతుకు వచ్చినది త్వరగా వచ్చినది. పాలకొల్లు మాండలిను శ్రీనివాసు ఆరవ యేట తండ్రి వాద్యమును తాకి 1978 లో తొమ్మిదవ యేటనే గుడివాడలో కచేరి చేసిన మాటయు నిజమే. ఆ యింటను తండ్రి మాండలిను ముందుగా మ్రోగుచుండెను.

మా మాటయు చెప్పెదము. తప్పుకొనుట న్యాయము కాదు. మా యేడవ యేట బంధువొకరు మమ్ము హార్మోనియము ముందు కూర్చుండబెట్టి సరళీస్వరములు మొదలుపెట్టించిరి. ఆ వయస్సు పుస్తకముల ప్రకారము సరియైనదే. కాని అంతకుముందు మా కెవరును పాట పాడి వినిపింపలేదు. స్వరము తప్పెనని తెలియుటకు మా చెవికి శక్తి లేదు. తప్పినట్లు మాకు తెలిసినది వ్రేళ్లమీద చింతబరికె పడినపుడే. మూడు నెలలలో ఆ పెట్టె శబ్దము విన్నచో పెరటిలో దాగుకొనెడివారము. పదునారేండ్లు ఏ మెట్టును ముట్టలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నున్న దినములలో, సహపాఠి యొకడు సాయంకాలమున ప్రార్థనగదిలో కీర్తనలు వాయించుచుండగా ప్రక్కన నిలిచి పాడుచు పాడుచు, ఒకనాడు వాని ప్రక్కన కూర్చుంటిమి. అప్పటికి మాకు ఇరువదిమూడు. నేడు నలుబది దాటినవి. వేగము రాలేదు, ఇక రాదు. అది ఒప్పుకొనుచున్నాము. కాని ఉదయపు ప్రార్థనకు ఏడు వందలమంది పిల్లలు మా వ్రేళ్లవెంట పాడుచున్నారు.

ఆ శిక్షణ కళాశాలలోనే థారన్‌డైకు పండితుని సంసిద్ధతా నియమమును చదివితిమి. సిద్ధముగా నున్నవానికి చేయ నవకాశమిచ్చిన సంతోషము కలుగును. సిద్ధముగా లేనివానిచే చేయించిన బాధ కలుగును. ఈ రెండును అందరికి జ్ఞాపకముండును. మూడవది పరీక్షకు వ్రాసి మరచెదము: సిద్ధముగా నున్నవానిని చేయనీయకున్నను బాధయే. మొదటి బాధకు లోనైన పిల్లలను మేము జాలిగా చూతుము. రెండవ బాధకు లోనైన పిల్లలు వరండాలో నిలిచి కిటికీగుండ చూచుచుందురు; వారి పేరు మన పట్టికలో నుండదు గనుక వారు మన కంట పడరు.

సంసిద్ధతను కనుగొనుట కష్టము కాదు. ఒక పాటను మొదటినుండి కడవరకు శ్రుతి జారకుండ పాడగలడా, పాడుచుండగా చప్పట్లు తప్పకుండ వేయగలడా చూడుడు. అరచేతిని బల్లపై బోర్లించి ఉంగరపు వ్రేలొక్కటి ఎత్తుమనుడు. కొంచెమైనను ఎత్తగలిగిన చాలును. ఒక ఆటను గాని పనిని గాని పదునైదు నిమిషములు విడువకుండ చేయగలడా గమనింపుడు. మిక్కిలి ముఖ్యమైనది, మీరడుగకుండ వాడే యడుగుచున్నాడా? ఇవి పెక్కుమంది పిల్లలకు ఏడు, ఎనిమిదేండ్ల నడుమ కూడి వచ్చుచున్నవని మా యనుభవము. కొందరికి ఆరవ యేటనే వచ్చును. నేలపట్టు చెరువున కడపచెట్లమీద గూడబాతు పిల్లలను చూచువారికి తెలియును. ఒకే కొమ్మమీది పిల్లలన్నియు ఒకేదినమున ఎగురవు. మూడవ యేటనుండి ఆ వేళ వచ్చువరకు చేయవలసిన పని ఇంట పాడుట. తల్లి వంటచేయుచు పాడిన పాట కూడ పాఠమే. తండ్రికి గొంతు బాగుండదని సిగ్గుపడనక్కరలేదు. బిడ్డ దానిని లెక్కపెట్టదు.

కొనవలసినదేమని కూడ అడుగుచుందురు. మొదటి రెండేండ్లకు, తాకిడినిబట్టి ధ్వని మారునట్టి 61 మెట్ల విద్యుత్ వాద్యము చాలును. కాని మెట్లు పూర్తి వెడల్పు గలవిగా నుండవలెను, ఆటబొమ్మ వలదు. ఆదివారము గంటసేపు కాక దినమునకు పదునైదు నిమిషములు. చెన్నపట్టణమున 1842 నుండి యున్న ముసీ మ్యూజికల్ వంటి శాలలలోను, మరికొన్నిచోట్లను లండను ట్రినిటీ కళాశాలవారి పరీక్షలకు సిద్ధపరచుచున్నారు. ఆ పరీక్షలకు వయోనియమము లేదని మాత్రము ఇచ్చట జ్ఞాపకము చేయుచున్నాము. పరీక్ష పెట్టువారే పెట్టని నియమమును మన మేల పెట్టవలెను?

ఇక ఆ ముగ్గురి సంగతి. శ్రీహరికోట ఉద్యోగి కుమారుడు రెండుసార్లు వచ్చెను. మొదటిసారి పిడికిళ్లతో మెట్లను మోదెను. రెండవసారి పియానో క్రిందికి దూరి త్రొక్కుడు మెట్లు ఎట్లు కదలుచున్నవో చూచి మిక్కిలి సంతోషించెను. వాడు ఇంజనీరగునేమో! ఆగుడని మేము చెప్పిన మాట తండ్రికి నచ్చలేదు. ఆదివారములందు రైలులో చెన్నపట్టణమునకు తీసికొని పోవుచున్నారని విన్నాము. బిడ్డకు మేలగుగాక. నాయుడుపేట బాలిక ఎనిమిది నెలలలో రెండు చేతులను కలుపుచున్నది; ఆమెను గూర్చి చెప్పవలసిన కష్టమేమియు లేదు.

తొమ్మిదవ తరగతి బాలుని గూర్చి మాత్రము కొంచెము చెప్పవలెను. వాడు హార్మోనియము ముట్టినవాడు కాడు గనుక వాని ఎడమచేయి కుడిచేతికన్న వెనుకబడి యుండలేదు. రెండును సమానముగా మొద్దుగా నుండెను. మరపింపవలసిన దేమియు లేకపోయెను. గొంతు పాడినదే, పల్లెలో వలలాగువారి పాటలు, ఆరాధన కీర్తనలు వానికి వచ్చును. సెలవులకు పోయినపుడు ఇంట వాద్యము లేదు గదా, సాధన యెట్లు చేసితివని యడిగితిమి. వాడు తలవంచుకొని మాటాడలేదు. తల్లి చెప్పినది: పాత పడవ పలకపై బొగ్గుతో మెట్లు గీసికొని, నోటితో స్వరము పలుకుచు వ్రేళ్లు ఆడించెనట. పలకపై నల్లమెట్లు రెండు, మూడు, రెండు, మూడుగా సరిగా గీసితివా యని మేమడిగితిమి. సరిగానే గీసెను. గత క్రిస్మసు సభలో వాడు రెండు చేతులతో ఒక కీర్తనను వాయించినప్పుడు నడుమ నొకచోట తడబడి మరల పట్టుకొనెను. లిడియనువలె వాయింపలేదు, వాయింపడు. అట్లు వాయించుటకొరకు వాడు రాలేదు.

వచ్చు జూను నుండి పాఠపు వేళలను వయస్సునుబట్టి కాక, పైన చెప్పిన గురుతులనుబట్టి పంచవలెనని ప్రధానోపాధ్యాయుల వారికి వ్రాసి యిచ్చియున్నాము. వేళలలో సగము ఆరవ తరగతికి పైనున్న వారికి విడువవలెననియు, బాలికలకు చీకటిపడకముందరి వేళలు ఇయ్యవలెననియు అందు కోరితిమి. సమావేశమున సామెత చెప్పిన పెద్దలు దీనికి ప్రత్యుత్తరము వ్రాసినచో వచ్చు సంచికలో సంతోషముతో ప్రకటింతుము.

ఈ వ్యాసము వ్రాయుచుండగా వసతిగృహమున వంటచేయు అమ్మ, నలుబదియారేండ్లది, తలుపు దగ్గర నిలిచి, పిల్లలకే గాని తమవంటివారికి చెప్పరా యని యడిగినది. అరువది మొదలు ఎనుబదియైదేండ్ల వృద్ధులకు ఆరునెలలు పియానో నేర్పి, జ్ఞాపకశక్తికి మేలు కలుగుట గమనించిన పరిశోధనయొకటి 2007 లో అమెరికాలో వెలువడినది; ఆ మాట యామెతో చెప్పితిమి. ఆమెకు పరిశోధనతో పని లేకపోయెను. ఏ దినము రావలెనని యడిగినది. శనివారము, పాత్రలు తోమిన పిమ్మట, నాలుగున్నర గంటలకు అని వ్రాసికొంటిమి.